మోకాలి నొప్పి ఉంది... పదిహేను వేలలో ఏ సైకిలు కొనాలి?

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 72 కిలోలు. హైదరాబాద్ మణికొండలో ఉంటాం. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప దగ్గర నొప్పి వస్తోంది. ఎక్స్‌రేలో అరుగుదల పెద్దగా లేదన్నారు. సైకిలు తొక్కమని డాక్టర్ సలహా ఇచ్చారు. మా అబ్బాయి పాత సైకిలు వారం రోజులు తొక్కితే మోకాలి నొప్పి పెరిగింది, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. దుకాణంలో ముందు షాకప్స్, 21 గేర్లు ఉన్న ‘లేడీస్ హైబ్రిడ్’ తీసుకోమంటున్నారు. 15 వేల రూపాయలు పెట్టగలను. ఏది చూసి కొనాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ డాక్టర్ మంచి సలహానే ఇచ్చారు. మెట్లు దిగేటప్పుడు ఒంటి బరువు మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటాం. తొడ కండరాలు బాగా పని చేస్తే రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి కాబట్టి ఈ దశలో సైకిలు మీకు రెండు విధాలా మేలు చేస్తుంది. మీ అబ్బాయి సైకిలు మీ కొలతది కాదు, వచ్చిన తంటా అదే.

కొంతకాలం కిందట ఒకావిడ ఇలాగే మోకాలి నొప్పితో వచ్చారు. రెండుసార్లు మందులు రాసినా తగ్గలేదు. మూడోసారి వచ్చేటప్పుడు సైకిలు కూడా తెమ్మన్నాను. పార్కింగులో ఎక్కి కూర్చోమంటే, సీటు మీద ఉండగానే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. పడిపోతానేమోనన్న భయంతో సీటును అడుగుకంటా దించేశారట. అలా తొక్కితే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు విపరీతంగా ముడుచుకుని చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. వారానికి అర అంగుళం చొప్పున సీటు పెంచుకోమన్నాను. ఆ రోజు చీటీలో రాసింది అదొక్కటే.

మీరు దుకాణంలో చేయాల్సిన పరీక్ష కూడా ఇదే. సీటు మీద కూర్చుని, పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా సాగాలి. తర్వాత మునివేళ్ల వెనక ఉండే మెత్తని భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అంతే చాలు. సీటు మరీ ఎత్తయితే నడుము అటూ ఇటూ ఊగుతుంది, నొప్పి మోకాలి వెనక్కు మారుతుంది. సైకిలు ఆపినప్పుడు సీటు దిగి నిలబడటం అలవాటు చేసుకోండి. నిలబడినప్పుడు కాళ్ల మధ్య ఉండే అడ్డ కడ్డీకి, మీకు కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. మీ ఎత్తుకు సాధారణంగా 15, 16 అంగుళాల ఫ్రేము, అంటే ‘ఎస్’ సైజు సరిపోతుంది. 18 అంగుళాలది మాత్రమే ఉంది, సర్దుకోండి అంటే మరో దుకాణం చూసుకోండి.

ఇక ‘లేడీస్’ అన్న ముద్ర సంగతి. చాలాసార్లు దాని అర్థం రంగు, కిందికి వంగిన కడ్డీ, వెడల్పు సీటు. చుడీదార్‌తో ఎక్కి దిగడానికి వంగిన కడ్డీ నిజంగానే సుఖం. చున్నీ చుట్టుకోకుండా చైన్‌కు కవరు ఉండటం అంతకన్నా ముఖ్యం. వీటికి మించి ఆ మాటకు అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

షాకప్స్ వద్దు. ఈ ధరలో వచ్చేవి సైకిలు బరువు పెంచుతాయే తప్ప గుంతల దెబ్బను పెద్దగా ఆపవు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు మన స్పీడ్‌బ్రేకర్లకు సరిపోతాయి. 21 గేర్లు కూడా అనవసరం, వెనక ఏడు ఉన్నా చాలు. కాకపోతే అన్నిటికన్నా తేలిక గేరులో మీ వీధి ఎత్తును కూర్చునే ఎక్కగలగాలి. బరువైన గేరులో ఒత్తి తొక్కడం మీ మోకాలికి పడదు. తేలిక గేరులో చకచకా తొక్కండి. బ్రేకుల్లో చవక డిస్క్ కన్నా సరిగ్గా బిగించిన, చక్రం అంచును పట్టే మామూలు రిమ్ బ్రేకులు నయం.

వేళ్ల తిమ్మిరికి కారణం అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం. హ్యాండిల్ అందక ముందుకు వాలితే బరువంతా దాని మీద పడుతుంది. మోచేతులు కాస్త వంగి ఉండగా హ్యాండిల్ అందాలి. చేతులు చిన్నవైతే బ్రేకు పిడి దగ్గర చిన్న స్క్రూ ఉందేమో చూడండి. దాన్ని తిప్పితే పిడి వేళ్లకు దగ్గరవుతుంది. చాలా దుకాణాల్లో ఈ సంగతి చెప్పరు.

సీటు దిండులా ఉంటే మొదటి రోజు హాయిగానే ఉంటుంది. అరగంట తొక్కాక లోపలికి దిగబడి మెత్తని భాగాలను నొక్కుతుంది, ఒరుసుకుంటుంది. కూర్చునే ఎముకల కింద కాస్త గట్టిగా, వెడల్పుగా ఉండాలి. ముందు మొన పైకి లేవకూడదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి. పదిహేనులో రెండు మూడు వేలు హెల్మెట్, లైట్లు, తాళం, గాలి పంపుకు పక్కన పెట్టండి. పాత సైకిలైనా ఫర్వాలేదు. ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్లు చూడండి, చక్రం ఎత్తి తిప్పితే వంకర పోకూడదు, పెడల్ కడ్డీ పట్టుకుని పక్కకు ఊపితే ఆడకూడదు. ఆన్‌లైన్‌లో కొంటే బిగింపు మెకానిక్‌తోనే చేయించండి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్న కొత్త సైకిళ్లు నేను చూశాను.

మొదటి రెండు వారాలు రోజుకు పదిహేను నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు. మాట్లాడగలిగేంత ఆయాసం ఉండాలి, పాట పాడేంత తీరిక ఉండకూడదు. క్రమంగా వారానికి 150 నిమిషాలకు చేరండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. తొక్కేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపిస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లండి. మోకాలు వాచినా, పట్టేసినా, నొప్పి రాత్రి నిద్ర చెడగొట్టినా ఎముకల డాక్టరుకు చూపించండి. వీలైతే సైకిలు కూడా తీసుకెళ్లండి.