ఫోన్ నిండా మనుషులే, మాట్లాడటానికి ఒక్కరూ లేరు

నా వయసు 39. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పదేళ్లుగా హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మావారు ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది. బాబు ఇంటర్, హాస్టల్‌లో ఉన్నాడు. టెన్త్ బ్యాచ్, అపార్ట్‌మెంట్, బంధువులు... అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉన్నాను. పొద్దున్నే నలభై గుడ్ మార్నింగులు వస్తాయి. మనసు విప్పి మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. యోగా క్లాసులో చేరితే అక్కడా బంగారం ధరలు, కోడళ్ల కబుర్లే. మూడు వారాలకే మానేశాను. ఒకప్పుడు నవలలు తెగ చదివేదాన్ని. లోపం నాలోనే ఉందంటారా? - ఓ సోదరి

లోపం మీలో లేదమ్మా. ఊళ్లో ఉన్నప్పుడు మాట కోసం ఎవరూ వెతుక్కోలేదు. బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్తే మాట, అరుగు మీద బియ్యం ఏరుతుంటే మాట. రోజూ అవే మొహాలు కనక నిన్న ఆగిన కబురు ఇవాళ అక్కణ్నుంచే అందుకునేవాళ్లం. ఆ పనులు పోయాయి, వాటితో పాటే మాటా పోయింది. గ్రూపులు ఆ లోటు తీర్చలేవు. అరవై మంది చూస్తుండగా ‘మా ఆయనకి ఒంట్లో బాలేదు, భయంగా ఉంది’ అని ఎవరు మాత్రం రాస్తారు? పూల బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

యోగా క్లాసు విషయంలో మాత్రం మీరు తొందరపడ్డారు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ఒక లెక్క చెప్పారు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికే దాదాపు 50 గంటలు కలిసి గడపాలట, ప్రాణస్నేహానికి 200 గంటలు దాటాలట. వారానికి రెండు గంటల చొప్పున వేసుకున్నా మొదటిదానికే ఆరు నెలలు. మీరు ఇచ్చింది మూడు వారాలు.

మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. నాలుగేళ్లపాటు ‘బాగున్నారా’, ‘ఎండలు మండిపోతున్నాయి’ తప్ప మా మధ్య ఇంకో మాట లేదు. ఒకరోజు లిఫ్టులో ఎందుకో, ‘మీరు ఉద్యోగం చేసేవారా పిన్నిగారూ?’ అని అడిగాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరట! వేరే ఊళ్లకి ఆపరేటరు కలిపే ట్రంక్ కాల్స్‌లో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలుండేవని చెప్పారు. చావు కబురు మోసే కాల్ అయితే మూడు నిమిషాలు దాటినా లైను తెంచడానికి చెయ్యాడేది కాదన్నారు. లిఫ్టు దిగి మెట్ల మీద కూర్చుని గంటసేపు విన్నాను. ఆ మనిషి నాలుగేళ్లూ అక్కడే ఉన్నారు, నేనే అడగలేదు. ఎండల దగ్గర ఆగిపోయే మాటని ఇంకో ప్రశ్న ముందుకు తీసుకెళ్తుంది. ఆ రెండో ప్రశ్న అడగడం నేను అలా నేర్చుకున్నాను.

టెన్త్ బ్యాచ్‌లో ఒక్కరిని ఎంచుకోండి. గ్రూపులో కాదు, విడిగా మెసేజ్ పెట్టండి. ‘మన హైస్కూలు వెనక వేపచెట్టు ఇంకా ఉందా? రేపు మూడింటికి ఫోన్ చెయ్యనా?’ అంటే చాలు. ఫోన్లో గొంతు వినపడితే సగం బెరుకు పోతుంది. పుస్తకాల మీద మాట కావాలంటే బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. 2010 నుంచి అక్కడ సభలు, చర్చలు, నాటకాలు జరుగుతున్నాయి. నిజాంపేటకి దూరమే, అయినా నెలకోసారి వెళ్లండి. మీకు నచ్చిన మాట అన్నవాళ్లని సభయ్యాక పలకరించండి.

ఒక్క విషయం. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటి ఉంటే ఇది ఒంటరితనం ఒక్కటే కాకపోవచ్చు. డాక్టరుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. మీవారికీ చెప్పండి, మీ మనసులో ఇంత ఉందని ఆయన ఊహించి ఉండకపోవచ్చు.

యోగా క్లాసుకి మళ్లీ వెళ్లండి. కోడలి కబుర్లు చెప్పే ఆవిడ పక్కనే చాప వేసుకోండి. తను కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు ఎలా ఉండేదో అడిగి చూడండి.