మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నాను, తిరుపతిలో ఏది తీసుకోవాలి, ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో స్కూటీ తప్ప ఇప్పటిదాకా గేర్ల బండి నడపలేదు. కొర్లగుంటలో ఉంటారు, రేణిగుంట వైపు కొత్తగా ఉద్యోగం వచ్చింది. చేతిలో 45 వేలున్నాయి. ఫ్రెండ్స్ పల్సర్ తీసుకోమంటున్నారు, ఇంట్లోవాళ్ళు స్ప్లెండర్ అంటున్నారు. ఈలోగా తమిళనాడు నంబరు బండి ఒకటి చాలా తక్కువకు వస్తోంది. అప్పుడప్పుడూ తిరుమల కొండకు కూడా వెళ్ళిరావాలి.

ఇంట్లోవాళ్ళ మాట వినండి. తమిళనాడు బండి జోలికి వెళ్ళొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, బరువైన బండి, పక్క రాష్ట్రం కాగితాలు, ఈ రెండు తప్పులూ నేను ఒకే బండితో చేశాను.

2016లో డిగ్రీ అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఒక బ్రోకర్ ద్వారా 150 సీసీ బండి కొన్నాను. టీఎన్ 23 నంబరు, వేలూరు బండి. 42 వేలు మొత్తం నగదే ఇచ్చాను. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే పత్రం) పది రోజుల్లో వచ్చేస్తుందన్నాడు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందని నేను చూడను కూడా చూడలేదు. అసలు ఓనరు కంతులు కట్టడం మానేశాడు. ఎన్‌ఓసీ రాలేదు, కొన్నాళ్ళకు బ్రోకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఏడో నెలలో ఫైనాన్స్ వాళ్ళు వచ్చి బండి తీసుకెళ్ళిపోయారు. పెద్దమనుషులను పెట్టి తిరిగితే బ్రోకర్ దగ్గర 15 వేలు వెనక్కి వచ్చాయి. అది మా నాన్న చిట్టీ పాడి ఇచ్చిన డబ్బు. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

ఆ ఏడు నెలల్లోనే ఇంకోటి జరిగింది. లీలామహల్ సర్కిల్ దగ్గర ముందు వెళ్తున్న కారు ఉన్నట్టుండి ఆగింది. వేరే ఊరి కారు, దారి కోసం చూసుకుంటున్నారు. నేనూ బ్రేక్ వేశాను, బండి ఆగింది. కానీ కాలు పెట్టిన చోట ఇసుక. కాలు జారింది, బండి వాలింది. వాలడం మొదలైన బండిని ఆపే బలం నాకు లేదు. చీలమండ బెణికి మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. వేగంగా వెళ్ళి పడింది కాదు అది, ఆగి పడింది.

అందుకే కొత్తవాళ్ళకు నేను మొదట చెప్పేది బరువు గురించే. స్ప్లెండర్ దాదాపు 112 కిలోలు. పల్సర్ 150 దానికంటే ముప్పై కిలోలకు పైనే ఎక్కువ. బుల్లెట్ రకం బండ్లు 190 దాటతాయి. నడిచేటప్పుడు ఆ తేడా తెలీదు. ఆగినప్పుడు, స్టాండు తీసేటప్పుడు, ఇరుకు పార్కింగ్‌లో వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. తిరుపతిలో ఆగడమే ఎక్కువ. బస్టాండు దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర లగేజీతో రోడ్డు దాటే యాత్రికులు, చెయ్యెత్తితే చాలు అక్కడే ఆగే ఆటోలు, ఊరు తెలియని కార్లు. క్లచ్ అలవాటయ్యేదాకా రోజుకు పదిసార్లు బండి ఆగిపోతుంది. అప్పుడు రెండు కాళ్ళూ పూర్తిగా నేలకు ఆనే, చేతికి తేలికైన బండి కావాలి.

మోడల్ సంగతి. స్ప్లెండర్ ప్లస్, ప్యాషన్ ప్రో, ప్లాటినా, టీవీఎస్ స్టార్ సిటీ, హోండా షైన్, వీటిలో ఏదైనా మీకు సరిపోతుంది. స్ప్లెండర్‌కు గిరాకీ ఎక్కువ కాబట్టి అదే డబ్బుకు పాత మోడల్ వస్తుంది, ప్లాటినా అయితే రెండేళ్ళు కొత్తది దొరకొచ్చు. వెనక మనిషితో కొండకు వెళ్ళే పని తరచుగా ఉంటే 125 సీసీ షైన్ హాయిగా లాగుతుంది. నన్నడిగితే పేరు కంటే బండి ఎలా వాడారన్నదే ముఖ్యం. బాగా చూసుకున్న ప్లాటినా ముందు, పాడు చేసిన స్ప్లెండర్ ఎందుకూ పనికిరాదు.

ఏ సంవత్సరం మోడల్ అంటే, 2017 ఏప్రిల్ నుంచి 2020 మార్చి మధ్య బీఎస్4 (అప్పటి కాలుష్య ప్రమాణం) బండ్లు వచ్చాయి. మీ బడ్జెట్‌లో అవే చూడండి. ఈ చిన్న బండ్లన్నీ అప్పట్లో కార్బ్యురేటర్‌వే, ఏ వీధి మెకానిక్ అయినా విప్పి సరిచేస్తాడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, మంచివే, కానీ ధర ఎక్కువ. బీఎస్4 బండికి పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూ ఉంటే కంగారు పడకండి, 2017 నుంచి కంపెనీలే ఆ స్విచ్ తీసేశాయి. ఇంకా పాత బండి అయితే ఆర్‌సీ గడువు చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి.

ఇక బండి చూడ్డం ఎలాగో. 2019లో రెండోసారి కొన్నప్పుడు మా వీధి మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళాను. ఆయన టిఫిన్ ఖర్చు, మూడు వందలు, అంతే. నేను పెట్టిన డబ్బులో అన్నిటికంటే బాగా పనికొచ్చింది అదే. మొదట తిరుచానూరులో ఒక బండి చూశాం. కడిగి, పాలిష్ కొట్టి, ధగధగా మెరుస్తోంది. ఆయన తాళం కూడా అడక్కుండా నేరుగా ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టాడు. నా వైపు తిరిగి, "సామీ, వేడిగా ఉంది. మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టినారు" అన్నాడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి మొరాయిస్తే, మొదటి నిమిషంలో పొగ వస్తే, ఆ సంగతి మనకు తెలియకూడదని అలా చేస్తారట. మీటరు 18 వేలు చూపిస్తోంది. గేర్ రాడ్ మీద రబ్బరు మాత్రం అరిగి లోపల ఇనుము కనబడుతోంది, ఫుట్‌రెస్టు రబ్బర్లు నున్నగా పలకలా అయ్యాయి. "18 వేలకు ఇంత అరగదు, మీటరు తిప్పినారు" అని గొణిగి, ఓనరుతో మర్యాదగా మళ్ళీ వస్తామని చెప్పి బయటికొచ్చేశాడు.

ఆ వారమే చంద్రగిరిలో ఇంకో బండి చూశాం. రిటైరైన టీచర్‌ది, 2015 ప్యాషన్ ప్రో, ఏపీ 03 నంబరు. మోకాళ్ళ నొప్పులతో నడపలేక అమ్ముతున్నారు. ముందురోజు రాత్రే ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు సార్" అని చెప్పాను. పొద్దున ఏడింటికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉంది. చోక్ వేసి రెండో కిక్కుకు అందుకుంది. సైలెన్సర్ దగ్గర కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి పోయింది, రాత్రి తేమకు అది మామూలే. అదే నీలం రంగు పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం, అలాంటి బండిని బోరు పనికి వచ్చిన బండి అంటారు, మీకొద్దు.

తర్వాత మెకానిక్ టైరు పక్కన వేలు పెట్టి నాలుగంకెలు చూపించాడు: 2215. అంటే 2015లో 22వ వారం తయారైన టైరు. బండి రిజిస్ట్రేషన్ అదే ఏడాది ఆగస్టు. అంటే కంపెనీ టైర్లే, మీటరులో ఉన్న 14 వేలు నమ్మొచ్చు. ఈ అంకెలు ప్రతి టైరు మీదా ఉంటాయి, చూడ్డం నేర్చుకోండి. అంత పాత టైర్లు గట్టిపడిపోతాయి కాబట్టి కొన్న నెలలోనే నేను మార్చేశాననుకోండి, అది వేరే సంగతి.

మెయిన్ స్టాండు వేసి, వెనకవైపు బరువు పెట్టి ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్ అటూ ఇటూ మెల్లగా తిప్పాడు. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) పోయినట్టు. ముందు ఫోర్కుల మీద వేలితో రాసి ఆయిల్ తడి ఉందేమో చూశాడు. చైన్‌ను వెనక స్ప్రాకెట్ దగ్గర పట్టుకుని వెనక్కి లాగాడు, పళ్ళ మీంచి బాగా పైకి లేస్తే చైన్ సెట్ మార్చాలి. పది అడుగులు వెనక్కి వెళ్ళి కూర్చుని రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా అని చూశాడు. లేకపోతే ఎక్కడో గట్టిగా గుద్దిన బండి, ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. చివరికి టీచర్ గారు సర్వీసు బిల్లులన్నీ ప్లాస్టిక్ కవర్లో తెచ్చి ఇచ్చారు. ఆ కవర్ చూశాక నేను బేరం కూడా పెద్దగా ఆడలేదు. 31 వేలకు ఇచ్చారు. ఆ బండి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మా చెల్లెలు నడుపుతోంది.

కాగితాల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. డబ్బిచ్చే ముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ గడువు చూడండి. చలాన్లు విడిగా చూడండి, పాత చలాన్లు మీ నెత్తిన పడతాయి. హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉండే చాసిస్ నంబరును తుడిచి, ఆర్‌సీలో ఉన్న దానితో అంకె అంకె పోల్చుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే వాళ్ళిచ్చిన ఎన్‌ఓసీ, అప్పు తీరినట్టు చూపే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు. అమ్మకానికి, పేరు మార్పుకు ఫారం 29, 30. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి ఇస్తాను, పేరు తర్వాత మార్చుకోండి అంటారు, ఒప్పుకోవద్దు. కొన్న 30 రోజుల్లోపు పేరు మార్పుకు, 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మార్పుకు దరఖాస్తు చేయాలి. డబ్బు ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపండి.

తమిళనాడు బండి ఎందుకు వద్దంటే, అక్కడి నుంచి ఎన్‌ఓసీ కోసం ఫారం 28, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఆ ఖర్చూ తిరుగుడూ కలిపితే మిగిలేదేమీ ఉండదు. మన సరిహద్దు పక్కనే కాబట్టి టీఎన్, కేఏ బండ్లు బోలెడు తిరుగుతుంటాయి, అందరూ నడుపుతున్నారు కదా అనుకోకండి. ఇంకో మాట. ఏపీ 03 అంటే మన పాత చిత్తూరు జిల్లా నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 అనే ఒకే సిరీస్ మొదలైంది, కాబట్టి నంబరు చూసి మన ఊరి బండే అనుకోలేం. ఆర్‌సీలో చిరునామా చూడండి.

స్కూటీకి తీసుకున్న గేర్ లేని లైసెన్సు ఈ బండికి చెల్లదు. గేర్ల బండికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోండి, 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్ళొచ్చు.

ఇక కొండ. 100 సీసీ బండి ఇద్దరితో కూడా ఎక్కుతుంది, రెండో గేరు, మూడో గేరులో నిదానంగా. ఎక్కే దారి, దిగే దారి వేరు వేరు కాబట్టి ఎదురుగా బండ్లొస్తాయన్న భయం లేదు. కష్టమంతా దిగడంలోనే. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపులు ఎక్కువ. కొత్తలో నేను టాప్ గేరులో బ్రేకు మీదే ఆధారపడి దిగాను. అలిపిరికి వచ్చేసరికి వెనక డ్రమ్ము నుంచి కాలిన వాసన, పెడల్ తొక్కుతుంటే పట్టడం లేదు. రెండో గేరులో పెట్టి ఇంజిన్‌తోనే బండిని ఆపుకుంటూ దిగాలి, న్యూట్రల్ చేయడం, ఇంజిన్ ఆపడం ఎప్పుడూ చేయకండి. వెనక బ్రేక్ రాడ్ చివర బిగించే నట్ ఉంటుంది, మరలో చివరిదాకా బిగించేసి ఉంటే బ్రేక్ షూ అయిపోయినట్టే. కొండకు ముందు అది మార్పించండి. నడపడం మొదలుపెట్టిన రెండు నెలల దాకా బస్సులోనే వెళ్ళండి.

45 వేలూ బండికే పెట్టేయకండి. 36, 37 వేలకు బండి చూసుకుని మిగతాది ఆయిల్, బ్రేక్ షూ, అవసరమైతే టైర్లు, ఇన్సూరెన్స్, పేరు మార్పు, ఐఎస్ఐ హెల్మెట్‌కు ఉంచుకోండి. ఓనరు నిన్ననే సర్వీసు చేయించానన్నా సరే, తెచ్చిన రోజే ఆయిల్ మార్చండి.

ఏదైనా బండి కుదిరేలా ఉంటే మోడల్, సంవత్సరం, మీటరు రీడింగు, అడుగుతున్న ధర ఇక్కడ రాయండి, నాకు తెలిసినంతలో చెప్తాను. బండి నంబరు, అమ్మేవాళ్ళ పేరు మాత్రం పెట్టకండి.