కోడిగుడ్లంత ప్లమ్ పండ్లు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్ నుంచి నువ్వు పంపిన మూడు కథలూ, వాటితోపాటు రాసిన ఉత్తరమూ అందాయి. అక్కడి బడిలో చదువుకుంటున్న నీ కూతురు గ్రంథాలయం నుంచి వారం వారం మోసుకొచ్చే డచ్చి పుస్తకాలు చూశాకే నీకు పిల్లల కోసం తెలుగులో రాయాలనిపించిందనీ, వీలైతే వాటిలో ఒకటి రెండింటిని తెలుగు చేయాలని కూడా ఉందనీ రాశావు. నాకు డచ్చి భాష రాదు. ఆ పుస్తకాలను ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివాను. మనసుకు పట్టిన కొన్ని చోట్ల మాత్రం నిఘంటువు పక్కన పెట్టుకొని మూలంలో తడుముకున్నాను. కాబట్టి భాష విషయంలో నా మాటను నువ్వే సరిచూసుకోవాలి. కథ విషయంలో నేను చెప్పేది మాత్రం, నలభై ఏళ్ళుగా పిల్లలకు రాస్తూ అందులో సగానికి పైగా చేజేతులా చెడగొట్టుకున్నవాడి మాటగా తీసుకో.

నీ మూడు కథల్లో మూడోది మంచిది. సైకిల్ తాళంచెవి పోగొట్టుకున్న పిల్ల, చలికోటు జేబులూ, బడిసంచీ అడుగూ, సైకిళ్ళు నిలిపే చోట ఇటుకల సందులూ వెతికే పేజీన్నర చదువుతున్నంతసేపూ నేనూ ఆమెతో కలిసి వెతికాను. తర్వాత ఆ పిల్ల ఇంటికి వచ్చి తల్లితో అబద్ధమాడింది; తల్లి కనిపెట్టి, పది వాక్యాల్లో సత్యం విలువ బోధించింది; కథ అయిపోయింది. ఆ పది వాక్యాల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు, ఇటుకల సందులు మాత్రం గుర్తున్నాయి.

ఇది నీ ఒక్కదానికే వచ్చిన చిక్కు కాదు. నువ్వున్న దేశంలో పిల్లల సాహిత్యం మొదలైందే దీనితో. 1778లో హీరోనిముస్ వాన్ ఆల్ఫెన్ అనే న్యాయకోవిదుడు, తల్లిని పోగొట్టుకున్న తన కొడుకులను దృష్టిలో పెట్టుకొని పిల్లల కోసం చిన్న చిన్న పద్యాలు అచ్చువేశాడు. వాటిలో అన్నిటికంటె పేరుపడ్డది యాంచె అనే కుర్రవాడిది. కోడిగుడ్లంత ప్లమ్ పండ్లు చెట్టుకు వేలాడుతుంటే యాంచె చూస్తాడు. కోయవద్దని తండ్రి చెప్పి ఉన్నాడు. తండ్రీ లేడు, తోటమాలీ లేడు, ఇంత విరగకాసిన చెట్టుకు అయిదారు పండ్లు తగ్గితే ఎవరికి తెలుస్తుందని ఆలోచిస్తాడు. చివరకు గుప్పెడు పండ్ల కోసం మాట తప్పడమెందుకని వెళ్ళిపోతాడు. చాటుగా వింటున్న తండ్రి ఎదురు వచ్చి, మెచ్చుకొని, తానే చెట్టును కుదిపి పండ్లు రాలుస్తాడు. యాంచె టోపీ నిండా పండ్లు నింపుకొని గుర్రంలా దౌడు తీస్తాడు.

నీ కూతురి ఉపాధ్యాయురాలిని అడిగి చూడు: ఆ పద్యంలో మొదటి రెండు పాదాలూ ఆమె నోటికి వచ్చే అవకాశం ఉంది, తండ్రి మెప్పు దగ్గరకు వచ్చేసరికి తడబడే అవకాశం అంతకన్నా ఎక్కువ ఉంది. వాన్ ఆల్ఫెన్ విధేయత నేర్పాలనుకున్నాడు, జనం నాలుకమీద పండ్లు మిగిలాయి. అయినా నేను అతన్ని చులకన చేయను. ‘అయిదారు పండ్లు తగ్గితే ఏమవుతుంది’ అన్న ఆ లెక్క పిల్లవాడి బుర్రలోంచి నేరుగా వచ్చినది. దాన్ని చెవిన వేసుకోగలిగిన మనిషి కవి. ఆ లెక్క వేసిన తర్వాత యాంచె అంత తొందరగా బుద్ధిమంతుడైపోవడమే నమ్మశక్యంగా ఉండదు, ఎందుకంటే అక్కడ కవి పక్కకు తప్పుకొని తండ్రి పీటమీద కూర్చున్నాడు. నీ కథలో తల్లి నోరు విప్పిన చోట నువ్వూ అదే పీట ఎక్కావు.

ఆ పీట దిగడానికి వాళ్ళకు చాలా కాలం పట్టింది. దిగినవాళ్ళలో నువ్వు మొదట చదవవలసినది ఆనీ ఎం. హె. స్మిత్‌ను. 1911లో జేలండ్ ప్రాంతంలో ఒక మతబోధకుడి ఇంట పుట్టి, గ్రంథాలయాల్లో పనిచేసి, యుద్ధం తర్వాత ‘హెట్ పరోల్’ అనే పత్రికలో చేరింది. జర్మన్ ఆక్రమణ కాలంలో రహస్యంగా అచ్చయి చేతులు మారిన పత్రిక అది. 1952లో ఆ పత్రికలోనే యిప్, యాన్నెకె అనే ఇరుగుపొరుగు పిల్లల గురించి చిట్టి కథలు రాయడం మొదలుపెట్టింది. ఫీప్ వెస్టెన్‌డోర్ప్ గీసిన ఆ పిల్లల నల్లటి నీడబొమ్మలను నువ్వు పుస్తకాలమీదే కాక, దుకాణాల్లో గ్లాసులమీదా పళ్ళేలమీదా కూడా చూసే ఉంటావు.

మొదటి కథ తెరిచి చూడు. యిప్ తోటలో తిరుగుతుంటాడు, వాడికి ఏమీ తోచదు. దడికి చిన్న కన్నం కనబడుతుంది. అవతల ఏముంటుంది, రాజభవనమా అనుకుంటాడు. నేలమీద చతికిలబడి కన్నంలోంచి చూస్తే ఒక చిన్న ముక్కు, ఒక చిన్న నోరు, రెండు నీలికళ్ళు. అంతే, ఒక స్నేహం మొదలైంది. ఇటువైపు నుంచి అటువైపుకు దూరబోయి యిప్ కన్నంలో ఇరుక్కుపోతాడు. దడి పాడుచేయరాదనే నీతి చెప్పడానికి ఇంతకంటె అనువైన చోటు దొరకదు, ఆమె ఆ పని చేయదు. ఆ కథలు ఎంత నిరాడంబరంగా ఉంటాయంటే, అర్థంకాని సర్కారీ భాషను విడిచి నలుగురికీ తెలిసేలా మాట్లాడమని రాజకీయ నాయకులను అడగడానికి డచ్చివారు ఈనాటికీ ‘యిప్-యాన్నెకె భాష’ అన్న మాటనే వాడతారు. ఆ మాటలో కొంత వెటకారం ఉందనీ, అది ఆమెకు చేసిన అన్యాయమనీ నా అభిప్రాయం. చిన్న వాక్యం రాయడం తేలికని అనుకునేవాళ్ళు, తోచకపోవడాన్నీ ఆశనూ ఆశ్చర్యాన్నీ ఆరేడు చిన్న వాక్యాల్లో వరుసగా పేర్చి చూపమంటే చేతులెత్తేస్తారు.

ఈ కన్నం కథనే నువ్వు ముందుగా తెలుగు చేయి, అనువాదం ఎక్కడ ఎదురు తిరుగుతుందో తెలిసివస్తుంది. డచ్చిలో దాదాపు ప్రతి నామవాచకానికీ చివర ‘యె’ చేర్చి దాన్ని చిన్నది చేయవచ్చు. ముక్కు, నోరు, కళ్ళు అన్నీ అలా చిన్నవైనవే. వాళ్ళకది రోజువారీ పలుకుబడి, పెద్దలు కాఫీ తాగేటప్పుడు కూడా అలాగే అంటారు. మనం దానికి బదులుగా చిట్టి ముక్కు, బుజ్జి నోరు, చిన్నారి కళ్ళు అని వరుసగా అంటించుకుంటూ పోతే పాకం ముదిరి పంటికి అంటుకుంటుంది. ఒక్కచోట ‘చిన్న’ అని వదిలేయి, తక్కిన చిన్నతనం వాక్యం పొడవు చూసుకుంటుంది. పేర్లు మార్చవద్దు. ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు ఆ ఇద్దరు పిల్లలకు ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు పెట్టారు. ఏ పేరూ నిలవలేదు. అలాగే పక్కింటి ఆవిడను ‘పిన్నిగారు’ చేసి వరస కలపవద్దు. ఆ సమాజంలో పక్కింటివారికీ మనకూ మధ్య ఉండే మర్యాదైన ఎడం కూడా కథలో భాగమే.

నీ ఉత్తరంలో, కట్టకు పడ్డ రంధ్రంలో వేలుపెట్టి ఊరిని కాపాడిన హాలండ్ బాలుడి కథ గురించి అడిగావు. మన బడి వాచకాల్లో చదివిన కథ కదా, అక్కడి పిల్లలకు తెలియకపోవడం నీకు వింతగా తోచింది. అది వాళ్ళ కథ కాదు. 1865లో న్యూయార్కులో అచ్చయిన ఒక అమెరికన్ నవలలో ఉపకథగా ప్రపంచమంతా తిరిగింది; రాసిన మేరీ మేప్స్ డాడ్జ్ అప్పటికి ఆ దేశం చూడనే లేదు. పర్యాటకులు పదే పదే అడుగుతుండటంతో 1950లో స్పార్న్‌డామ్‌లో ఆ బాలుడికి ఒక విగ్రహం మాత్రం వెలిసింది. గాలిమరలూ ట్యులిప్ పూలూ పెట్టి కథ రాయాలని చేయి దురదపెట్టినప్పుడు ఈ సంగతి తలచుకో. ఆ దేశంలో నీకు నిజంగా తెలిసినది ఆ సైకిల్ స్టాండు, నువ్వు రాయవలసినదీ అదే.

ఇక పెద్ద పిల్లల పుస్తకాలకు వస్తాను. టోంకె డ్రాఖ్త్ 1930లో బటావియాలో, అంటే నేటి జకార్తాలో పుట్టి, యుద్ధకాలంలో జపానువారి నిర్బంధ శిబిరంలో ఉండగానే, దొరికిన కాగితం ముక్కలమీద కథలు అల్లడం మొదలుపెట్టింది. 1962లో ఆమె రాసిన ‘రాజుకు ఉత్తరం’ నవల ఎత్తుగడ ఎంతసేపు చెప్పుకున్నా తనివి తీరదు. తెల్లవారితే వీరపట్టం అందుకోవలసిన పదహారేళ్ళ టియురి ఆ రాత్రి ప్రార్థనామందిరంలో మేలుకొని ఉండాలి. మాట్లాడరాదు, ఎవరు పిలిచినా తలుపు తీయరాదు, అది నియమం. బయట ఎవరో తలుపు గీకి, దేవుడి పేరిట తెరవమని వేడుకుంటారు. టియురి తలుపు తీస్తాడు. వీరపట్టం చేయిజారింది, నవల మొదలైంది. యాంచె పండు కోసి ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్నకు నూట ఎనభై ఏళ్ళ తర్వాత వచ్చిన జవాబుగా నేను ఈ తలుపును చదువుతాను. టియురి చేసినది ఒప్పా తప్పా అని డ్రాఖ్త్ ఎక్కడా ఆగి చెప్పదు. వాడి చేత కొండలూ అడవులూ దాటించి, ఆ తీర్పును చదివే పిల్లల మీదే వదిలేస్తుంది. ఈ పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది, 2013లో కానీ రాలేదు. చిన్న భాషలో గొప్ప పుస్తకం ఎంతకాలం కూర్చోగలదో తెలుగు రచయితకు వేరే చెప్పనక్కరలేదు.

యాన్ టెర్లౌ సంగతి వేరు. భౌతికశాస్త్రవేత్త, ఆపైన మంత్రి, ఉపప్రధాని. 1972లో రాసిన ‘యుద్ధకాలపు చలికాలం’ 1944-45 నాటి ఆకలి నెలల కథ. ఒక కుర్రవాడు గాయపడ్డ బ్రిటిష్ విమానచోదకుడిని దాచిపెట్టే భారం తలకెత్తుకుంటాడు. ఎవరిని నమ్మాలో పుస్తకం చివరిదాకా అతనికీ తెలియదు, మనకూ తెలియదు. వాక్యం సాదా, కథ బిగువు.

అయితే నీకు పరీక్ష పెట్టే పుస్తకం హూస్ కైయర్‌ది. కొంతకాలం బడిపంతులుగా చేసి రచనలోకి వచ్చినవాడు ఆయన. 2012లో, స్వీడన్ బాలల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పేరిట ఆ దేశం ఇచ్చే బహుమతి పొందాడు. 2004లో వచ్చిన ‘అన్ని సంగతుల పుస్తకం’ 1951 నాటి ఆమ్‌స్టర్‌డామ్‌లో జరుగుతుంది. తొమ్మిదేళ్ళ టోమాస్ తండ్రి దైవభక్తుడు, భార్యనూ కొడుకునూ కొడతాడు. టోమాస్‌కు మాత్రం ఇతరులకు కనబడనివి కనబడతాయి, కాలువ నీళ్ళలో రంగురంగుల ఉష్ణమండలపు చేపలు ఈదుతుంటాయి. యేసు వచ్చి అతనితో కబుర్లాడి పోతుంటాడు. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే, సంతోషంగా ఉంటానంటాడు. పిల్లలంతా మంత్రగత్తె అనుకునే పక్కింటావిడ ఆ జవాబును నవ్వులాటగా తీసుకోదు. సంతోషం భయపడటం మానేయడంతో మొదలవుతుందని అతనితో అంటుంది.

ఇలాంటి సంగతి పిల్లలకెలా రాస్తాం అని నువ్వు అడగబోతున్నావని తెలుసు. తండ్రి చేయెత్తే ఇళ్ళల్లోని పిల్లలకు ఆ సంగతి ఇదివరకే తెలుసు; తెలియనిదల్లా దాన్ని మరొకరు కూడా చూశారని. కైయర్ దెబ్బను దాచడు, అలాగని దాని చుట్టూ తిరుగుతూనూ ఉండడు. దెబ్బ పడిన మరుక్షణం టోమాస్ ఎక్కడ చూస్తున్నాడో అక్కడ చూస్తాడు. ఇది నేర్చుకోవడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. ఒకప్పుడు నేను రాసిన తాగుబోతు తండ్రి కథలో అతని చేత చివరి పేరాలో మందు మాన్పించాను. ఒక సంపాదకుడు ఎంతో మెచ్చుకొని అచ్చువేశాడు. ఆ కథ చదివిన ఒక పిల్లవాడు, ‘మా నాన్న మానలేదండీ’ అని కార్డుముక్క రాశాడు. దానికి నేను జవాబు రాయలేకపోయాను.

మరీ చిన్నపిల్లలకైనా ఇదే పద్ధతి. యూట్రెక్ట్‌కు చెందిన డిక్ బ్రూనా 1955లో సృష్టించిన కుందేలుపిల్ల నైన్‌చెను, బయటి ప్రపంచం మిఫీ అని పిలిచే దాన్ని, నువ్వు ఎరుగుదువు. పన్నెండు బొమ్మలు, ఒక్కో బొమ్మకు నాలుగు పాదాలు, చదరపు పుస్తకం. 1996లో ఆయన ఆ కొలతలోనే నైన్‌చె అమ్మమ్మ చనిపోవడం రాశాడు. కుందేలుపిల్ల కళ్ళవెంట నీళ్ళు, పెట్టెలో అమ్మమ్మ, ఆమె సమాధి. మూడేళ్ళ పాఠకుడికి అంతకంటె ఎక్కువ మాటలు అక్కరలేదని ఆయనకు తెలుసు. మీ అమ్మాయికి అది చదివి వినిపించేటప్పుడు ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగిందో చూసి రాసి పెట్టుకో.

నీ రెండో కథలోని సిరియా కాందిశీకుల పిల్లవాడి గురించి ఒక్క మాట. ఎడ్వర్డ్ వాన్ డె వెండెల్ 2008లో ఒక అఫ్గాన్ బాలుడి నవల రాసినప్పుడు, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన అనూష్ ఎల్మన్‌తో కూర్చుని రాశాడు. అట్టమీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నీకు అలాంటి తోడు దొరికేదాకా ఆ కథ పక్కన పెట్టు.

శరదృతువులో అక్కడ బాలల పుస్తకాల వారం జరుగుతుంది, 1955 నుంచీ జరుపుతున్నారు. పుస్తకం కొన్న పిల్లలకు ఆ వారం ఇంకో పుస్తకం కానుకగా ఇస్తారు. అప్పుడే ‘హౌదెన్ హ్రిఫెల్’ బహుమతులూ వినబడతాయి. హ్రిఫెల్ అంటే పలకమీద రాసే బలపం, అంటే అది బంగారు బలపం. 1971 నుంచి ఆ పేరుతో ఇస్తున్నారు. దానికింద వెండి బలపాలూ ఉన్నాయి. నా సలహా, బంగారం కన్నా వెండి జాబితా మీద ఎక్కువ కన్నేసి ఉంచమని. నాకు నచ్చిన వింత పుస్తకాలు చాలావరకు అక్కడే దొరికాయి. ఆనెట్ స్కాప్ ‘లాంపియె’ మాత్రం బంగారం గెలిచినదే, అయినా చదువు. చాలాకాలం ఇతరుల పుస్తకాలకు బొమ్మలు వేసిన మనిషి, 2017లో తన మొదటి నవలగా దీపస్తంభం కాపరి కూతురి కథ రాసింది. అగ్గిపెట్టె కొనడం మరిచిపోయిన ఒక్క సాయంత్రం నుంచి కథ అంతా పుట్టుకొస్తుంది. నీ తాళంచెవికి అక్కగారు ఆ అగ్గిపెట్టె.

కాబట్టి మూడో కథలో చివరి పది వాక్యాలు కొట్టివేసి మళ్ళీ పంపు. తల్లిని గదిలోకి రానివ్వచ్చు, ఆమె వంట చేసుకుంటుందో, ఫోన్‌లో మాట్లాడుతుందో, కూతురి బూట్లకు అంటిన మట్టి చూస్తుందో నువ్వు తేల్చుకో. పిల్ల అబద్ధం అబద్ధంగానే ఉండనీ. దడి కన్నం కథ అనువాదం కూడా జతచేయి, డచ్చి మూలం ఒక పక్కనా తెలుగు ఒక పక్కనా రాసి. అన్నట్టు, తల్లి ఉపన్యాసం హడావిడిలో పడి నువ్వు ఒక సంగతి చెప్పడం మరిచిపోయావు. రెండుసార్లు వెనక్కి వెళ్ళి వెతికినా నాకు దొరకలేదు. ఆ తాళంచెవి ఇంతకూ ఎక్కడుంది?