వెబ్ డెవలపర్ ఉద్యోగానికి సర్టిఫికెట్ తప్పనిసరా?

సర్టిఫికెట్ లేకుండా వెబ్ డెవలపర్ ఉద్యోగం వస్తుందా అంటే, వస్తుంది. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు ఈ పనికి లైసెన్సు ఏమీ లేదు. ఇంటర్వ్యూలో ఎక్కువగా తరచి అడిగేది మీరు చేసిన సైట్ గురించే. ఫోన్‌లో తెరిస్తే మెనూ సరిగ్గా కనిపిస్తోందా? ఫారంలో తప్పు ఈమెయిల్ కొడితే ఏమవుతుంది? గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని నలుగురికీ చూపించే వెబ్‌సైట్) కోడ్ చూపిస్తూ, ఈ లైను ఎందుకు రాశారో తడబడకుండా చెప్పగలిగితే సగం టెన్షన్ తీరినట్టే.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్ల సంగతి కాస్త వేరు. సర్వర్ల పని కూడా చూసుకోవాల్సిన ఉద్యోగాల్లో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ల క్లౌడ్ సేవ) సర్టిఫికేషన్‌కి విలువుంది. అయితే దాని గడువు 3 ఏళ్లే, తర్వాత రెన్యూ చేసుకోవాలి.

డబ్బు కట్టే ముందు మీకు నచ్చిన ఉద్యోగాల ప్రకటనలు ఓ పది చదవండి. ఆ సర్టిఫికెట్ పేరు ఒక్కదాంట్లోనూ లేకపోతే, దానికి చదివే నెలలు ఒక మంచి ప్రాజెక్టు మీద పెట్టండి.