నాన్నగారి స్టీరియో అమ్మేయాలా?

ప్రశ్న: నాన్నగారు ముచ్చటపడి కొనుక్కున్న స్టీరియో మా హాల్లో సగం గోడ ఆక్రమించింది. బరువైన యాంప్లిఫయర్, నడుమెత్తు స్పీకర్లు రెండు, రికార్డ్ ప్లేయర్. ఆయన పోయాక ముట్టుకున్నవాళ్లు లేరు. పిల్లలు ఇయర్‌ఫోన్లలో వింటారు, నేను పని చేసుకుంటూ అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుంటాను. మొన్న ఆన్ చేస్తే ఒక స్పీకర్ బర్రుమంది, వాల్యూమ్ తిప్పితే గరగర. ఈ రోజుల్లో ఇంకా ఇది అవసరమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: అవసరం సంగతి తర్వాత చూద్దాం, ముందు బర్రుమన్న స్పీకర్‌కి ముందున్న గుడ్డ తొడుగు తీయండి. పెద్ద కోన్ (శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న ఫోమ్ అంచుని వేలితో మెల్లగా తాకండి. పొడిపొడిగా రాలితే రోగం అదే. ఆ ఫోమ్ వాడినా వాడకపోయినా పదిహేను, ఇరవై ఏళ్లకు చివికిపోతుంది, పాత స్పీకర్లు బాగుచేసేవాళ్లు అంచు ఒక్కటే కొత్తది అతికిస్తారు. గరగర మాత్రం చాలాసార్లు వాల్యూమ్ కంట్రోల్‌లో చేరిన దుమ్మే, క్లీనర్ కొడితే పోతుంది, కానీ మూత మీరు విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు, ఆ పని మెకానిక్‌దే.

ఇక మీ అసలు ప్రశ్న. ఒకప్పుడు పాట బాగా వినపడాలంటే ఈ పెట్టెల ముందు కూర్చోవాల్సిందే. 1979లో వాక్‌మన్ వచ్చి పాటని జేబులో పెట్టింది, తర్వాత ఐపాడ్, ఫోన్లు, మధ్యలో హోమ్ థియేటర్ వచ్చి హాల్లో మంచి చోటంతా టీవీకి రాసిచ్చేసింది. ఇందులో తమాషా ఏంటంటే, 1982లో సీడీ తెచ్చిన నాణ్యత ఇప్పుడు చాలా స్ట్రీమింగ్ సర్వీసులు ఫోన్‌కే ఇస్తున్నాయి, అంటే పాట బాగానే వస్తోంది, దాన్ని వినిపించే సామానే చిన్నదైపోయింది. మీ బ్లూటూత్ స్పీకర్‌లో స్టీరియో ఉన్నా కుడి ఎడమల మధ్య దూరం జానెడే. నాన్నగారి స్పీకర్లు రెండూ, మీ కుర్చీ సమాన భుజాల త్రిభుజంలా ఉండేట్టు జరిపి, గోడకి కాస్త ఎడంగా పెట్టి వినండి, గొంతు రెండు స్పీకర్ల నడుమ, అసలేమీ లేని చోట నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్లలో అదే గొంతు తల లోపల ఉంటుంది.

అయితే దీన్ని పూజగదిలా దుమ్ము దులుపుతూ ఉంచుకోవడంలో మాత్రం నాకు అర్థం కనిపించదు. బాగుచేయించి రెండు నెలలు చూడండి, వారానికి ఒక్కసారైనా ఎవరూ ఆ కుర్చీలో కూర్చోకపోతే మొహమాటపడకుండా అమ్మేయండి. రికార్డులు కూడా పారేయకండి, వాటికి మళ్లీ గిరాకీ వచ్చింది. అమెరికాలో 2020లో ఎల్పీల (పెద్ద రికార్డుల) అమ్మకాల ఆదాయం సీడీలని దాటింది, 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. రికార్డ్ ప్లేయర్ ముల్లు అరిగి ఉంటే మాత్రం మార్చకుండా వేయొద్దు, రికార్డు మీది గాడులు గీసుకుపోతాయి. ఖరీదైన కేబుళ్లు కొనమని ఎవరైనా అంటే వినకండి, మామూలు మందపాటి రాగి తీగ చాలు.

పిల్లల ఫోన్ కలపడానికి చిన్న బ్లూటూత్ రిసీవర్ కొనండి. దాని వైరు యాంప్లిఫయర్ వెనక 'ఆక్స్' అని రాసి ఉన్నచోట పెట్టాలి, పక్కనే ఉండే 'ఫోనో'లో పెడితే చెవులు చిల్లులు పడే గోల వస్తుంది, అది రికార్డ్ ప్లేయర్‌కే.