పొగమంచులో రాజమండ్రి విమానం: ట్యాంకు నిండా ఇంధనం ఎందుకు నింపరు?

జనవరి పొగమంచులో మధురపూడిలోని రాజమండ్రి ఎయిర్‌పోర్టు రన్‌వే కనబడక విమానం పైనే చక్కర్లు కొడుతుంది కదా, ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని రావచ్చుగా అని అడిగారు.

బరువే ఇబ్బంది. జెట్ విమానం మోసే అదనపు ఇంధనంలో గంటకు సుమారు 3-4 శాతం దాన్ని మోయడానికే కాలిపోతుంది. పైగా దిగేటప్పుడు బరువుకు పరిమితి ఉంటుంది.

అందుకే లెక్క కట్టి నింపుతారు. గమ్యం దాకా అయ్యేది, దాని మీద అనుకోని అవసరాలకు మామూలుగా 5 శాతం, అక్కడ దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకు చేరేంత, ఆపైన 30 నిమిషాల ఫైనల్ రిజర్వ్, అంటే ముట్టుకోకూడని చివరి నిల్వ. ఈ చివరిదానికి చిల్లు పడేలా ఉంటే పైలట్ ‘మేడే ఫ్యూయల్’ అని, అంటే ఇంధనం విషయంలో అత్యవసర పరిస్థితి అని, కంట్రోలర్‌కు చెప్పి తీరాలి.

అసలు తలనొప్పి ఆ రెండో ఎయిర్‌పోర్టు ఎంపికే. గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) దగ్గరే, కానీ డెల్టా అంతా మంచు పట్టిన పొద్దున అక్కడా ఏమీ కనబడకపోవచ్చు. హైదరాబాద్ పెట్టుకుంటే ఇంధనం ఎక్కువ కావాలి. కెప్టెన్ తన విచక్షణతో ఇంకాస్త వేయించుకుంటే, ఎండెక్కేదాకా పైన ఆగొచ్చు. నా దృష్టిలో అది దండగ ఖర్చేం కాదు. ఆ అదనపు ఇంధనమూ కరిగి, హైదరాబాద్ చేరేంతే మిగిలిందనుకోండి, మంచు విడిపోతున్నట్టే అనిపించినా సాధారణంగా అటు తిప్పేస్తారు.