ముందు చేతిలో ముక్కలు పెట్టు

తమ్ముడూ,

ఐర్లండు పేకాట ‘ట్వెంటీ ఫైవ్’ మీద నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. నీకు ఆట బాగా వచ్చని తెలిసిపోతోంది, కానీ చదివినవాళ్లకి మాత్రం రాదు. మొదటి పేజీ అంతా జేమ్స్ రాజు, ఆయనకి ఇష్టమైన ‘మా’ అనే పాత ఆట, ఆ తర్వాత ‘స్పాయిల్ ఫైవ్’... ఇదంతా ఆట నేర్పాక చెప్పు, అప్పుడు ఇష్టంగా వింటారు. ముందు వాళ్ల చేతిలో 5 ముక్కలు పెట్టు. ఒకసారి 3, ఒకసారి 2 పంచుతారు, మిగిలిన కట్ట మీది ముక్క తిప్పితే ఆ రంగే తురుఫు, పట్టుకి 5 పాయింట్లు, ముందు 25 చేసినవాళ్లదే ఆట. దీనికి ఇంతకంటే అక్కర్లేదు.

నువ్వు నిదానంగా చెప్పాల్సింది ముక్కల విలువలు. ‘ఇరవై ఎనిమిది’ పేకాట ఆడినవాళ్లకి ఆసుని జాకీ కొట్టడం కొత్త కాదు, అక్కణ్ణుంచి అందుకో. ఇక్కడ జాకీ పైన కూడా ఒకటుంది, తురుఫు అయిదు. దాని కింద తురుఫు జాకీ, దాని కింద ఆఠీను ఆసు. తురుఫు ఏ రంగైనా సరే, ఆఠీను ఆసు ఎప్పుడూ మూడో పెద్ద తురుఫే! ఇంత ముఖ్యమైన మాటని చివర్లో ఎక్కడో పెట్టావు. నాకు నేర్పినవాళ్లు ఇది గట్టిగా చెప్పలేదు, కళావరు తురుఫైన ఆటలో, అప్పటికే ఎవరో అయిదుతో కొట్టేసిన పట్టులో పనికిరాని ముక్కే కదా అని ఆఠీను ఆసుని పారేశాను, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. అంకెల ముక్కలకి అక్కడివాళ్ల సూత్రమే చెప్పు: ఎరుపుకి పెద్దంకె, నలుపుకి చిన్నంకె. అంటే డైమండ్ పది డైమండ్ రెండుని కొడుతుంది, ఇస్పేటులో రెండే పదిని కొడుతుంది.

రినీగ్, అంటే పెద్ద తురుఫుని వేయకుండా దాచుకోవడం, దాని దగ్గర నిర్వచనం రాసి వదిలేశావు. అక్కడ ఒక పట్టు ఆడి చూపించు. ఇస్పేటు తురుఫు. పక్కతను ఇస్పేటు ఎనిమిది దింపాడు, నీ దగ్గరున్న తురుఫు ఇస్పేటు జాకీ ఒక్కటే. రంగు ఉండీ వేయకపోతే మన దగ్గర దొంగాట అంటారు, ఇక్కడ మాత్రం జాకీని దాచుకుని డైమండ్ మూడు పారేసి ఊరుకోవచ్చు. ఆ సౌకర్యం పై మూడు తురుఫులకే, అదీ దింపింది వాటికంటే చిన్న తురుఫైతేనే. అదే అతను అయిదు దింపాడనుకో, జాకీ బయటికి రావాల్సిందే. తురుఫు కాని రంగు దింపితే, ఆ రంగు నీ దగ్గరున్నా తురుఫుతో కొట్టొచ్చు, ఈ సంగతి నీ వ్యాసంలో లేనే లేదు.

‘రాబ్’ అన్న మాటని దొంగతనం అని తెలుగు చేశావు, తీసెయ్. తురుఫు ఆసు పడినవాళ్లు తిప్పిన ముక్క తీసుకుని, తమ చేతిలోది ఒకటి కింద పెడతారు, అంతే. రాబ్ అనే ఉంచు.

క్రిస్మస్ ముందు ఊళ్లలో టర్కీ కోడిని బహుమతిగా పెట్టి ఆడతారని ఒక్క వాక్యంలో దాటేశావు. నువ్వు అక్కడే ఉంటున్నావు కదా, ఈ డిసెంబరులో వెళ్లి కూర్చో, అయిదు పడ్డవాళ్ల మొహం చూసి రాయి.

మళ్లీ రాశాక, ఈ ఆట ఎన్నడూ ఆడని మీ రూమ్మేట్ చేతికి ఆ కాగితాలిచ్చి ముక్కలు పంచు. నువ్వు నోరు విప్పొద్దు. అతను తలెత్తి నీవైపు చూసిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఆ గీతలు సరిచేసి నాకు పంపు, ఇంట్లో నలుగురం కూర్చుని అది చూసే ఆడతాం.

అక్క